కుర్చీ పేల్చిన తూటా

కెంటకీ కొండల్లో, బొగ్గు గనులు మూతపడ్డాక ఎలాగో మిగిలిన పైన్ ఫోర్క్ అనే ఊళ్లో, హార్లన్ టాకెట్ సోఫాలూ కుర్చీలూ బాగుచేసి బతికేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డే అతని కార్ఖానా. ఊరి జనం ఏళ్ల తరబడి ఒళ్లు వాల్చిన మెత్తలన్నీ విప్పి చూసినవాడు కాబట్టి, వాళ్ల గుట్టు పాస్టరుగారి కన్నా అతనికే ఎక్కువ తెలుసు. మెత్తల సందుల్లో దువ్వెనలు దొరికేవి, కట్టుడు పళ్లు దొరికేవి, అప్పుడప్పుడూ పిస్తోళ్లు కూడా దొరికేవి. పళ్లు పోతే ఇల్లంతా తలకిందులు చేసే పెద్దమనుషులు, పిస్తోలు పోతే మాత్రం ఇంకొకటి కొనుక్కుని నిశ్చింతగా పడుకునేవారు.

ఒకరోజు బర్ల్ ప్రేటర్ తన రిక్లైనర్‌ని, అంటే వెనక్కి వాలే కుర్చీని, ట్రక్కులో వేసుకొచ్చాడు. బర్ల్ చర్చి పెద్దల్లో ఒకడు. పైగా ఏటా చర్చి హాల్లో తుపాకీ జాగ్రత్తల మీద పాఠాలు చెప్పే గురువు. ఇంట్లో గదికొక తుపాకీ చొప్పున పెట్టుకున్నాడు. స్నానాల గదిని కూడా అనాథగా వదల్లేదు. ఆ ఊళ్లో దొంగలు పడి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. అది దొంగల బద్ధకమే తప్ప, బర్ల్ ఏర్పాట్లలో లోపం కాదు.

"సగం దాకానే వాలుతోంది తమ్ముడూ. లోపల ఏదో అడ్డం పడ్డట్టుంది."

"తుపాకీ గట్రా ఏం లేదు కదా అన్నా?"

బర్ల్ ముఖం ఎర్రబడింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? ఊరందరికీ జాగ్రత్తలు నేర్పేవాణ్ణి! నా తుపాకుల లెక్క నాకు తెలీదా?"

అంత మాటన్నాక ఇంకా అనుమానిస్తే ఏం మర్యాద? హార్లన్ మర్యాదస్థుడు. బర్ల్ వెళ్లాక కుర్చీని పక్కకు పడుకోబెట్టి, వాల్చే పిడి పట్టుకుని గట్టిగా లాగాడు.

కుర్చీ పేలింది.

తూటా అతని పిక్కలోంచి దూసుకుపోయి, షెడ్డు రేకు చీల్చుకుని, పెరట్లో ఆరేసిన దుప్పటికి చిల్లు పెట్టింది. దుప్పటి అవతల అతని భార్య నడీన్, జారిపడిన క్లిప్పు తీసుకోవడానికి సరిగ్గా అప్పుడే వంగింది. వంగకపోయి ఉంటే ఈ సంగతి ఇంత తీరుబడిగా చెప్పుకునేవాళ్లం కాదు.

హార్లన్ ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి బర్ల్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. ముఖం వెలిగిపోతోంది.

"దేవుడు గొప్పవాడు తమ్ముడూ! ఎప్పుడో పోయిందనుకున్న పిస్తోలు దొరికింది. మా బావమరిదే కొట్టేశాడని వాడితో మాటలు కూడా మానేశాను!"

"నా కాలు..."

"మానుతుందిలే. అయినా తప్పు తుపాకీది కాదు. పిడి అంత మొరటుగా లాగుతారా ఎవరైనా?"

షెరీఫు మనిషి వచ్చి, ప్రమాదమే, బాధ్యులెవరూ లేరు అని రాసుకుపోయాడు. ఇరుగుపొరుగు చికెన్ డంప్లింగులూ మొక్కజొన్న రొట్టే తెచ్చిపెట్టి, ఏ కంపెనీ పిస్తోలైతే ఇలా పేలి ఉండేది కాదో మంచం చుట్టూ కూర్చుని చర్చించారు. ఇక బర్ల్ ఒక పెట్టె హార్లన్ ఒళ్లో పెట్టాడు. కొత్త పిస్తోలు. "కుంటుకుంటూ తిరగాల్సినవాడివి. ఆత్మరక్షణకి ఒకటుండాలి."

అందరూ వెళ్లాక హార్లన్ కర్ర పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. ఫ్రిజ్ మీద తన పాత పిస్తోలు పక్కనే దీన్నీ పెడదామని తడిమితే చేతికి దుమ్ము తగిలింది.

"నడీన్! ఇక్కడ నా పిస్తోలేదీ?"

"ఇప్పుడు గుర్తొచ్చిందా? పోయినేడాది టిల్లీ కుకీల డబ్బా కోసం స్టూలేసుకుని అక్కడిదాకా ఎక్కింది. ఆవేళే తీసుకెళ్లి మా అన్న ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయించాను."

"నాకొక్క మాటైనా చెప్పొద్దూ? అయితే ఇన్నాళ్లూ ఈ ఇంటికి కాపలా లేదా?"

"లేదు. నువ్వు మాత్రం హాయిగా గురకపెట్టావు."

ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అనబోయాడు హార్లన్. ఆ మాట ఈమధ్యే ఎక్కడో విన్నట్టు తోచి ఆగిపోయాడు. అతని చూపు స్టూలు మీద పడింది. మనవరాలు టిల్లీకి ఇంకా ఆరేళ్లు నిండలేదు. ఎంత ఎత్తు ఎక్కిందో, చెయ్యి ఎక్కడిదాకా చాచి ఉంటుందో కళ్లతోనే కొలిచాడు. కాలి నొప్పికి చెమర్చని కళ్లు అప్పుడు చెమర్చాయి. కొత్త పిస్తోలు పెట్టెను భార్య చేతికిచ్చేశాడు.

ఆ తర్వాత షెడ్డులో ఒక పద్ధతి పెట్టాడు: కుర్చీ తెచ్చినవాళ్లే పెరట్లో దాన్ని బోర్లించి, దులిపి, పిడి లాగి చూపించాలి, అతను గోడ అవతల నిలబడతాడు. ఇది తమ స్వేచ్ఛ మీద దాడి అని మగవాళ్లు మండిపడ్డారు. కొందరు పక్క ఊరికి పోయారు. బర్ల్ అయితే ఆ ఏడు తన పాఠాల్లో హార్లన్ సంగతే ఉదాహరణగా చెప్పాడు, పిడి ఎలా లాగకూడదో నేర్పడానికి.

బేరాలు తగ్గాయనుకుంటుండగా ఆడవాళ్లు రావడం మొదలైంది. మొగుళ్లు వేటకు పోయిన పూట చూసి, పక్కింటివాళ్ల సాయంతో కుర్చీలు ఎక్కించుకొచ్చేవారు. మొదట వచ్చినావిడ కుర్చీకి ఒక్క చిరుగైనా లేదు, పిడి వెన్నలా కదులుతోంది.

"దీనికేమైంది వదినా?" అన్నాడు హార్లన్.

"ఏమీ కాలేదు. మా ఆయన రోజూ పిస్తోలుతో ఇందులో కూర్చుంటాడు, అంతే."