టైడా మీదుగా థాయ్‌లాండ్

నాకు జరిగిన అన్యాయాలను ముందుగా కాలక్రమంలో నమోదు చేస్తున్నాను. 1993, చైత్రమాసం: టైడా రైల్వే స్టేషను పైనున్న కొండదారిలో, ఏ నేరమూ ఎరుగని నా మీదా, నా చేతిసంచి మీదా పేడనీళ్లు పోయబడినవి. 2004, మా మేనకోడలి పెళ్లి: విడిదింట్లో అందరూ వింటూండగా మా బావగారు, "ఈడు రాయి సగంలో కళ్లు తిరిగి ఆగిపోబట్టే మేం థాయ్‌లాండ్ ఎల్లలేదు" అని ప్రకటించారు. 2009, ఆమె కొడుకు అన్నప్రాశన: ఆ సగం కాస్తా "మొదటి మెట్టు" అయింది. (ఆ రాయికి మెట్లు లేవు.) మొన్న అదే పిల్లవాడు, మేడమెట్లు దిగుతున్న నా చెయ్యి పట్టుకొని, "బయపడకు సిన్నతాతా, నీకు ఎత్తు పడదని తాత సెప్పాడు" అన్నాడు. అందుచేత నిజాన్ని పాఠకుల ముందు పెట్టక తప్పడం లేదు.

ఆ రోజుల్లో మా అరకులోయకు బయటి ప్రపంచం రెండే దారుల్లో వచ్చేది: కిరండూల్ పాసింజరులోనూ, గోడ క్యాలెండర్లలోనూ. నేను కాఫీతోటల వ్యవహారాలు చూసే ఒక కార్యాలయంలో గుమస్తాను. మా అక్క భర్త, అంటే పైన చెప్పిన బావగారు, బజారులో తాళ్లూ పారలూ అమ్మేవారు. ఒక ఏడాది ఆయన కొట్టుకు వచ్చిన క్యాలెండరులో, పచ్చని సముద్రం మీదికి వంగిన నిలువు కొండకు ఒక మనిషి తాడు పట్టుకొని వేలాడుతున్నాడు. కింద చిన్న అక్షరాలతో థాయ్‌లాండ్ అని ఉంది. "బావా, ఆడు ఏలాడతన్న తాడు మన కొట్లోదే గదా" అన్నాను. బావ కళ్లజోడు సవరించుకొని చూసి, "తాడు మందే. రాయొక్కటే ఆల్ది" అన్నారు. యాత్ర అలా నిశ్చయమైంది. మా అక్క మాత్రం పప్పు రుబ్బడం ఆపకుండానే, "సముద్రం కావాలంటే బీమిలుంది, రాయి కావాలంటే టైడా ఉంది. రెండూ ఒక్కకాడ ఉండాలని ఇమానమెక్కుతారేటి?" అంది. ఆ అభ్యంతరాన్ని నమోదు చేసుకొని తోసిపుచ్చాను.

ప్రణాళిక నాది. అక్కడి వానలెప్పుడు, పోటెప్పుడు, పగడపు రాళ్లు అరికాళ్లు కోస్తే పసుపు ఎంత పూయాలి, విమానంలో చోడిపిండి, అంటే రాగిపిండి, తీసుకుపోనిస్తారా అన్నవన్నీ విడివిడి శీర్షికల కింద రాశాను. (ఇంతటి ప్రణాళిక మా కార్యాలయంలో కాఫీకి కూడా ఎన్నడూ వేయలేదు.) మూడో మనిషిగా ఆశ్రమ పాఠశాల మాస్టారు చేరారు. ఆయనది టైడా పైనున్న కొండ ఊరు. "మా ఊరి రాయి మీద ఓ పాలి సాధన సేసీసి ఎల్దాం బావూ" అని రోజు కూడా ఆయనే కుదిర్చారు. పొద్దున రాయెక్కి, సాయంత్రం పాసింజరులో విశాఖపట్నం దిగి, మర్నాడు పాస్‌పోర్టు కాగితాలు ఇచ్చేయాలని ఏర్పాటు. అందుకే ఫోటోలూ, దరఖాస్తులూ, మా అధికారి బదిలీ అయిపోతూ సంతకం చేసి ఇచ్చిన అనుమతి పత్రమూ నా సంచిలో ఉన్నాయి.

మాస్టారు వెనకదారిన నడిచి పైకెళ్లి, తాడును ఒక చెట్టుకు కట్టి వదిలారు. ముందు బావగారు ఎక్కారు. సగంలో ఆగి, కిందికి చూసి, "కింద తాడెవుడో ఒకడు కనిపెట్టుకోవాలి గదరా" అంటూ దిగివచ్చారు. తరువాత నేను ఎక్కాను. (నేనూ కిందికి చూసిన మాట నిజమే. చూడడం వేరు, ఆగడం వేరు.) పైన నిలబడితే రైలు సొరంగం ఒక ఎలుకబొరియలా కనిపించింది. ఎండకని నా తలకు చుట్టుకున్న బావగారి ఎర్ర తువ్వాలును విప్పి ఆ చెట్టుకే కట్టాను. గుర్తుగా ఒక చిన్న రాయి జేబులో వేసుకున్నాను. అంత గర్వం నాకు ఉద్యోగం వచ్చిననాడు కూడా కలగలేదు.

దిగి, గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్లు తాగి ఊరి దారి పట్టాం. మాస్టారు మాత్రం గెడ్డలో చాలాసేపు వంగి ఏదో వెతికి వచ్చారు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురు కర్ర, దాని వెనక కుండలతో ఆడవాళ్లు. ఆ రోజు ఇటుకల పండగ. మగవాళ్లు వేటకెళ్లే రోజులవి. కొండ దిగేవాడు వట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లతో సత్కరిస్తారు.

"ఏట ఏది బావూ?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"మేం ఏటకెల్లలేదమ్మా. థాయ్‌లాండ్ ఎల్లి రాయెక్కాలని, ఇక్కడ నేర్సుకుంతన్నాం" అన్నారు బావగారు.

"రాయెక్కడానికి ఇమానమెక్కీసి ఎల్తారా? మా రాయికేటొచ్చింది?"

నేను జేబులోని రాయి తీసి చూపించాను. ఆమె దాన్ని అరచేతిలో తూచి, "ఉడుకుతాదేటి ఇది?" అని పక్కనామెను అడిగి, నాకు తిరిగి ఇచ్చి, కుండ ఎత్తింది. మాస్టారు నింపాదిగా జేబురుమాలు విప్పి ఒక పీతను చూపించారు. ఆయనకు దారి వదిలారు.

"ముందే సెప్పొచ్చు గదా మాస్టారూ" అన్నాను, గడ్డం నుంచి నీళ్లు కారుతూండగా.

"సెప్తే మీరు రారు గదా బావూ. పండగనాడు ఇంటికి సుట్టాలు రావాల" అన్నారాయన.

సంచిలోని అనుమతి పత్రం మీద సంతకం పచ్చగా కరిగిపోయింది. తరువాత మళ్లీ సంతకం అడిగితే, కొత్తగా వచ్చిన అధికారి, "రాయెక్కడం ఏ సెలవు కిందికి వస్తుంది?" అని అడిగి ఫైలు మూసేశారు. థాయ్‌లాండ్ ఆగింది అక్కడ, రాయి సగంలో కాదు. ఆ సాయంత్రం రైలు వదిలేసి, ఆ ఊళ్లోనే పంక్తిలో కూర్చున్నాం. ముసలమ్మ కొండవైపు చూసి, "ఆ ఎర్రగుడ్డ ఎవులు కట్టినారు?" అంది. "నేనే" అన్నాను. ఆమె నా ఆకులో అందరికన్నా పెద్ద చోడి ముద్ద పెట్టింది. బావగారు నా పక్క ఆకు ముందే కూర్చుని ఉన్నారు.

ఆ రాయి ఇప్పుడు నా బల్ల మీద, ఇదే కాగితం ఎగిరిపోకుండా కూర్చుంది. మోకాళ్లు మేడమెట్లకే అర్జీ పెట్టుకుంటున్నాయి గానీ, ఆ ఎర్రగుడ్డ తలుచుకుంటే వాటికీ కాస్త రోషం వస్తుంది. కాబట్టి బావగారిని ఇందుమూలముగా కోరునది ఏమనగా: ఆ తువ్వాలు ఎవరిది, దాన్ని పైన కట్టినది ఎవరు, పెద్ద ముద్ద ఎవరి ఆకులో, ఎందుకు పడినది? మనవడు చదవడానికి వీలుగా, స్వహస్తాలతో, సంతకంతో జవాబు ఇవ్వవలెను. వచ్చే చైత్రంలో అదే దారిన నాతో నడిచి వస్తారో లేదో కూడా ఆ జవాబులోనే తెలుపవలెను. పీత సంగతి నేను చూసుకుంటాను.