ఎర్ర రంగు పడ్డ ఊరు

శ్రీకాకుళం రోడ్ అనే రైల్వే స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఈ సంగతి రైలు దిగాక గానీ తెలియని బంధువులు ప్రతి వేసవిలో ఒకరిద్దరు తగులుతారు నాకు. "వచ్చేశాం, నడిచొస్తాం, దారి చెప్పు" అని ఫోన్ చేస్తారు. ఆటో మాట్లాడుకోమంటాను. ఆటోవాడు అడిగిన రేటుకి నన్ను తిడతారు గానీ రైల్వేవాళ్ళని ఒక్క మాటనరు.

2014లో నా ఉద్యోగం మా వైపు ఒక జిల్లా ఆఫీసులో నేరాల లెక్కలు కూర్చడం. ఏ జిల్లాయో చెప్పను. చెప్తే పక్క జిల్లావాళ్ళు సంతోషిస్తారు, ఆ సంతోషానికి వాళ్ళకి అర్హత లేదు. నేను స్టాటిస్టిక్స్ చదివినవాణ్ణి కాబట్టి ఆ కుర్చీకి తగినవాణ్ణని అందరూ అనుకున్నారు, కొన్నాళ్ళు నేను కూడా.

పని ఇలా ఉంటుంది. ప్రతి పోలీస్ స్టేషనూ నెలకోసారి స్టేట్‌మెంట్ పంపుతుంది. అందులో నేరాలన్నీ 'హెడ్'ల కింద ఉంటాయి, అంటే ఏ రకం నేరానికి ఆ గడి. ఎఫ్‌ఐఆర్ కట్టిన కేసే గడిలోకి వస్తుంది. కట్టనిది జరగనట్టే లెక్క. ఆడవాళ్ళ మీద లైంగిక నేరాల గడిలో చాలా స్టేషన్లు సున్నా వేసి పంపేవి. ఆ సున్నా ఊరికే రాదు, దాని వెనక శ్రమ ఉంటుంది. ఫిర్యాదుని ముందు 'పిటిషన్'గా పక్కన పెడతారు. ఊరి పెద్దలొస్తారు. టీ వస్తుంది. రాజీ అవుతుంది. ఆవిడ మరీ మొండికేస్తే పబ్లిక్ న్యూసెన్స్ కింద పెట్టీ కేసు రాస్తారు. రోడ్డు మీద తాగి అరిచినవాడికీ, ఆడదాని చెయ్యి పట్టుకున్నవాడికీ ఒకటే జరిమానా. సమానత్వం అంటే మాకు అంత గౌరవం.

ఆ ఏడాది సముద్రం ఒడ్డున ఉన్న ఒక స్టేషన్ నుంచి ఈ గడిలో అంకెలు రావడం మొదలైంది. నెలనెలా పెరిగాయి. అన్నీ ఒకే చేపల ఊరివి. మా ఆఫీసరుగారు గ్రాఫు చూసి, "ఏం పట్టిందయ్యా ఆ ఊరికి? వెళ్ళి చూసిరా" అన్నారు.

వెళ్ళాను. ఆ ఊరికి పట్టింది మార్తమ్మ అనే హెడ్ కానిస్టేబుల్. కొత్త చట్టం ప్రకారం ఇలాంటి ఫిర్యాదులు ఆడ ఉద్యోగే రాసుకోవాలి కాబట్టి ఆవిణ్ణి అక్కడ వేశారు. ఆదివారం చర్చికీ, మిగతా రోజులు స్టేషనుకీ ఒకే శ్రద్ధతో వెళ్ళే మనిషి.

"ఇన్ని కేసులెందుకొచ్చాయండీ?" అనడిగాను.

"మొదటావిడ సెప్పింది రాసి కేసు కట్టించినాను బాబూ. ఆవిడెళ్ళి మిగతావోళ్ళకి సెప్పింది, ఇక్కడ రాస్తన్నారని. అంతే."

ఆ మొదటావిడ నూకాలు. తెల్లవారగట్ల చేపల తట్టతో టౌనుకి వెళ్ళి అమ్ముకునే మనిషి, ముప్ఫై దాటి ఉండవు. ఆ ఊరి ఆడవాళ్ళందరికీ ఒకటే వ్యాను. దాని డ్రైవరు తట్ట ఎత్తడానికి సాయం పట్టే వంకతో ఒంటి మీద చేతులేసేవాడు. చివరికి ఒకరోజు నూకాలుని వ్యాను వెనక అడ్డగించి పట్టుకున్నాడు. నేను వెళ్ళిన రోజు ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది, పక్కన ఖాళీ తట్ట.

"ఊళ్ళో పెద్దలు తీర్చేస్తామన్నారట కదా?" అన్నాను.

"అన్నారు. ఆడు తప్పు కడితే ఆ డబ్బుతో గుడికి కొత్త మైకు కొంటారట. మైకు బాగుంటాది. మరి నాను ఏ బండెక్కాల?"

"ఇంతకీ నీకేం కావాలి?"

"ఆడు మల్లీ ఆడోళ్ళెక్కే బండి తోలకూడదు. మరేటీ వొద్దు బాబూ."

వెనక్కొచ్చి ఆఫీసరుగారికి చెప్పాను. నేరాలు పెరగలేదు సార్, రాసేవాళ్ళు దొరికారు, అన్నాను. సున్నా వచ్చిన స్టేషన్లనే అనుమానించాలని కూడా అన్నాను. అప్పటికి నాకు సర్వీసు తక్కువ.

"అంటే పాతవే అంటావు."

"పాతవే సార్. ఇప్పుడు వినపడుతున్నాయి."

"పైవాళ్ళకి వినపడదయ్యా. వాళ్ళకి గీత కనపడుతుంది."

గీత సంగతి చూశారు. నేరాలెక్కువున్న చోటని జిల్లా మ్యాపులో ఆ ఊరికి ఎర్ర రంగు వేయించారు. రంగు వేసింది నేనే, కంప్యూటరు నా బల్ల మీదే ఉంది కాబట్టి. ఊళ్ళో అవగాహన సదస్సు పెట్టి, చీకట్లో బయటికి వెళ్ళొద్దని ఆడవాళ్ళకి చెప్పారు. చీకటితో బయల్దేరకపోతే చేప అమ్ముడుపోదని వాళ్ళు సదస్సుకి చెప్పలేదు, మర్యాదస్తులు. ఆ ఊరి పేరు చెప్తే సంబంధాలు వెనక్కి పోతున్నాయని తరవాత విన్నాను. సున్నా పంపిన పక్క స్టేషనుకి నెలవారీ మీటింగులో ప్రశంస దక్కింది. మార్తమ్మని ఫిర్యాదుదారులెవరూ రాని స్టోర్సు విభాగానికి మార్చారు. ఆవిడ వెళ్ళాక గీత దిగింది. దిగిన గీతని ఆఫీసరుగారు రెండు మీటింగుల్లో చూపించారు.

వ్యాను డ్రైవరు మీద కేసు కోర్టుకి రావడానికి మూడేళ్ళు పట్టింది. మిగతా ఆడవాళ్ళని ఇళ్ళల్లో మగవాళ్ళు రాజీకి తెచ్చారు. సాక్షులు 'హాస్టైల్' అయ్యారు, అంటే పోలీసులకి చెప్పింది కోర్టులో చెప్పలేదు. నూకాలు ఒక్కత్తే చెప్పింది. చేతులేశాడన్న సెక్షన్ నిలవలేదు, దారికి అడ్డంపడ్డాడన్నది నిలిచింది. జరిమానా, దాంతోపాటు కోర్టు లేచేదాకా ఖైదు. అంటే ఆ రోజు పని ముగిసేవరకూ అక్కడే బెంచీ మీద కూర్చోవాలి. ఆ రోజు కోర్టు తొందరగా లేచింది.

నా స్టేట్‌మెంట్‌లో అది 'శిక్ష పడిన కేసు'. మా శిక్షల శాతానికి బలం చేకూరింది. ఇంతకీ ఏ అంకె తప్పో ఇప్పటికీ నిరూపించలేను. కూడికలన్నీ సరిపోయాయి. నా చదువు సరిపోని చోటు ఏదంటే అదే.

2018లో లైంగిక నేరాల్లో శిక్ష పడ్డవాళ్ళ జాబితా తయారు చెయ్యమన్నారు. చేశాను. దారికి అడ్డంపడినవాడు అందులోకి రాడు. ఆ తరవాత ఒక ప్రైవేటు కాలేజీవాళ్ళు తమ డ్రైవర్ల పేర్లు పంపి, ఈ జాబితాలో ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరూ లేరని జవాబు వెళ్ళింది. అక్షరం పొల్లుపోని నిజం.

కాలేజీ తెరిచిన వారానికి నూకాలు మా ఆఫీసుకి వచ్చింది. కూతురు ఆ కాలేజీలోనే ఇంటర్‌లో చేరిందట.

"బస్సు ఆడే తోల్తన్నాడు బాబూ. కాలేజీవోళ్ళని అడిగితే, పోలీసోళ్ళు మంచోడని సెప్పినారని కాయితం సూపించినారు."

కూర్చోబెట్టాను. సెక్షన్ల గురించి చెప్పాను. జాబితాలోకి ఎవరొస్తారో, ఎవరు రారో చెప్పాను. నేను బాగానే వివరిస్తానని పేరుంది. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా మొత్తం విన్నది. కావాలంటే కాలేజీకి అర్జీ పెట్టుకోవచ్చని కూడా చెప్పాను.

ఆవిడ లేచి కొంగు దులుపుకుంది.

"మా ఊరు సెడ్డదని రాసినారు. ఆడు మంచోడని రాసినారు. రెండూ నువ్వే రాసినావా?"