నలభై ఏడు సమాధులు

పోయినవి ఇవి: ఇళ్లు ఎనభై మూడు, మంచినీటి బావులు నాలుగు, చర్చి ఒకటి, కొబ్బరి ఎండబెట్టే కొట్టాలు రెండు, పడవలు పందొమ్మిది. ఓడెక్కించి పంపేసిన మనుషులు మూడు వందల పన్నెండు మంది. వదిలేసి రావలసి వచ్చిన సమాధులు నలభై ఏడు. చివరి అంకె తప్పు. ఆ తప్పు చేసింది నేనే.

టొరంటోలోని ఎటోబికోలో, ఎయిర్‌పోర్ట్ పక్కన ఒక వేర్‌హౌస్‌లో స్టాకు లెక్కలు చూస్తాను. ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు, చేస్తూ చేస్తూ వచ్చింది. మా ప్యాకింగ్‌లో పనిచేసి రిటైరైన ఒక ఆంటీని, చిన్నప్పుడు, వలస పాలకుల ప్రభుత్వం ఆమె పుట్టిన దీవి నుంచి వెళ్లగొట్టింది. ఇప్పుడు ఆ దీవి ఎవరిదన్నది తేల్చుకోవడానికి రెండు ప్రభుత్వాలు చర్చలకు కూర్చోబోతున్నాయి. దీవివాళ్ల సంఘం పోయినవాటి జాబితా ఇవ్వాలి. అందులో ఉన్న సమాధుల దగ్గరికే వెళ్లనిస్తారట. కాస్త సరిచూసి పెట్టమని ఆంటీ అడిగారు.

రెండు ఆదివారాలు కూర్చున్నాను. ఓడెక్కినవాళ్ల పేర్లలో పద్నాలుగు సమాధుల పట్టికలోనూ కనిపించాయి, తల్లిదండ్రుల పేర్లతో సహా. ఓడెక్కిన మనిషికి దీవిలో సమాధి ఎలా ఉంటుంది? ఒకే పెట్టెను రెండుసార్లు స్కాన్ చేస్తే ఒకటి కొట్టేస్తాం. అలాగే పద్నాలుగు సమాధులు కొట్టేశాను. ఎవరినీ అడగలేదు. లెక్క కుదిరిందని సంతోషించాను కూడా.

జాబితా రెండు ప్రభుత్వాలకూ వెళ్లిపోయాక ఆంటీ తన కాపీ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. సమాధుల పేజీ మీద వేలు పెట్టారు.

"మా అక్క ఏది?"

"మీ పేరు రెండుసార్లు పడింది ఆంటీ. ఒకటి తీసేశాను."

"అది నా పేరు కాదు. నేను పుట్టకముందే పోయిన మా అక్కది. మాలో బిడ్డ పోతే ఆ పేరు తర్వాత పుట్టినవాళ్లకు పెడతారు. నువ్వు పెట్టెలు లెక్కపెట్టుకో, మనుషుల సంగతి నన్ను అడుగు."

కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగానే అన్నారు. నాది మా తాతగారి పేరు. ఆయన చనిపోయిన ఏడాదే పుట్టానని పెట్టారు. అయినా నాకు తట్టలేదు.

సంఘంవాళ్లకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు అంకె మారిస్తే జాబితా మొత్తాన్నీ నమ్మరేమోనని వాళ్లు భయపడ్డారు. చివరికి, చనిపోయిన సంవత్సరం, అది చెప్పే సాక్షి ఉంటేనే చేర్చుకుంటామని అధికారులు అన్నారు. పదకొండు మందికి దొరికాయి. అక్క ఏ ఏడాది పోయిందో ఆంటీకి తెలియదు. చెప్పగలిగినవాళ్లెవరూ మిగల్లేదు.

పట్టికలో ఇప్పుడు యాభై ఎనిమిది సమాధులున్నాయి. నేను కొట్టేసినవాళ్లలో, ఆంటీ వాళ్ల అక్కతో కలిపి, ఇంకా చేరాల్సింది ముగ్గురు.