దీవిలో చెరువుకు కట్ట

నాచారంలో చెరకురసం బండి పక్కన నిలబడితే చాలు, ఐసు దిమ్మల కింద పరిచిన తడి రంపపుపొట్టు వాసన ముక్కుకు తగిలి, ఆరో తరగతిలో నేను మట్టితో చేసిన సరస్సు, దాంతోపాటే నాయనమ్మకు చేసిన అన్యాయం గుర్తొస్తాయి.

నాన్న పనిచేసే మందుల కంపెనీ ఇచ్చిన క్యాలెండర్‌లో డిసెంబరు బొమ్మ అది: ఎక్కడో దక్షిణ సముద్రంలో మనుషులు లేని దీవి, దాని నడుమ మంచుకొండ కింద నీలంగా ఒక సరస్సు. క్రిస్మస్‌కు అమ్మ గరిజెలు వేయిస్తుంటే, ఆ నూనె వాసనలో నేనూ నాయనమ్మా బొమ్మ ముందు కూర్చునేవాళ్లం. అందులో చేపలుంటాయా, అంత చలికి కొంగలు వస్తాయా అని నాకు ఒకటే ఆరా. పెళ్లికి ముందు ఊళ్లో చెరువు కట్టకు మట్టితట్టలు మోసిన నాయనమ్మది వేరే అనుమానం.

“గిన్ని నీళ్లు ఊకెనే నిలుస్తయా బిడ్డా? కట్ట ఏడుంది? నిండితే నీళ్లు పోయే అలుగేది?”

“ఆడ మనుషులే లేరు నాయనమ్మా!”

“లేకుంటే ఏంది? కట్ట లేంది చెరువు ఎట్లయితది?”

సెలవులయ్యాక బడిలో ప్రదర్శన. రామంతాపూర్ చెరువు మట్టి సంచిలో తెచ్చి, పాత రేకు పళ్లెంలో ఇద్దరం దీవి చేశాం. కొండకు నిజం మంచే ఉండాలని నాయనమ్మ రంపపుపొట్టులో చుట్టిన ఐసు ముక్క తెచ్చింది. ఎంత వద్దన్నా వినకుండా సరస్సు చివర నెలవంకలా కట్ట పోసి, గులకరాళ్లు అదిమి, ఓ పక్కన వేలితో అలుగు తీసింది.

బడిలో దాన్ని చూసి సార్ పకపకా నవ్వాడు. “మనుషులు లేని దీవిల కట్ట ఎవరు పోసిన్రు, మీ తాతనా? తీసేస్తేనే బల్ల మీద పెడత.”

నాకు తల కొట్టేసినట్టయింది. అరచేత్తో కట్టను చదును చేసేశాను.

సాయంత్రం నాయనమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీరలో బడికి వచ్చి పళ్లెం ముందు నిలబడింది. కట్ట ఏదని అడిగితే, దానంతటదే కూలిపోయిందని అబద్ధమాడాను.

“జర గట్టిగ అదమాల్సి ఉండె,” అంటూ తన చేతులు చూసుకుంది.

ఇవాళ చెరకురసం బండాయన ఐసు దిమ్మను కాలితో నెట్టాడు. అది రంపపుపొట్టును ముందుకు తోసుకుంటూ పోయి ఆగింది. దిమ్మ ఎత్తాక అక్కడ నెలవంకలా ఒక గట్టు, దాని వెనక కరిగిన నీళ్లు! గ్లాసు పక్కన పెట్టి, క్యాలెండర్ బొమ్మ కింద చదివిన పేరుతో ఫోన్‌లో ఆ దీవిని వెతికాను. సరస్సు చివర రాళ్ల గట్టు ఉంది. మంచే కొండ మీంచి జారుతూ మట్టినీ రాళ్లనూ తోసుకొచ్చి పోసిందట. ఓ పక్కనుంచి నీళ్లు సముద్రంలోకి పొర్లుతున్నాయి. అదే అలుగు.

ఆ బడి ఇప్పుడు లేదు, ఆ క్యాలెండర్ లేదు, నాయనమ్మా లేదు. నువ్వు గట్టిగానే అదిమావు నాయనమ్మా, కూల్చింది నేనే.