మూడో విమానం టికెట్

మా ఆడబిడ్డ బెంగళూరులో ఫ్లాటు కొనుక్కుంది. గృహప్రవేశానికి పుట్టింటి వాళ్లు వెళ్లి ఒడిబియ్యం పోయాలి. పుట్టింటి వాళ్లంటే మేమే. జనగామలో మా అత్తమ్మ, మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలూ ఉంటాం. మా ఆయనది కిరాయి కారు. పొద్దున లేస్తే ఎవరినో ఒకరిని ఎక్కడో ఒకచోట దింపి రావడమే ఆయన పని. కాబట్టి బెంగళూరుకు ఎట్లా పోవాలన్న ప్రశ్న మా ఇంట్లో పుట్టనే కూడదు. దాన్ని పుట్టించింది నేనే.

"ఇమానంల పోదాం" అన్నాను అందరం అన్నం తింటుండగా.

అత్తమ్మ ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపింది. "ఇంట్ల కారు పెట్టుకొని ఇమానం టికెట్లు కొంటరా ఎవలన్న? పైసలెక్కువైనయా?"

"ఒక్కసారన్న ఎక్కాల్నని ఉన్నదత్తమ్మా."

పచ్చి అబద్ధం. నాకు రెండో అంతస్తు నుంచి కిందికి చూస్తేనే కళ్లు తిరుగుతాయి. మా ఆయన తలెత్తకుండా తింటున్నాడు. నేనెందుకు అడుగుతున్నానో ఆ గదిలో ఆయనొక్కడికే తెలుసు.

మొన్న ఎండాకాలంలో ఒకసారి చిట్యాల నుంచి, మా అమ్మగారింటి నుంచి, తిరిగి వస్తున్నాం. పట్టపగలు. యాసంగి కోతల రోజులు కదా, రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెట్టారు. మా కారు మెల్లగా పక్కకు జరగసాగింది. వెనక బొగ్గు లారీ వస్తోంది, దానికి దారి ఇస్తున్నాడేమో అనుకున్నాను. ముందు చక్రం రాయెక్కి, కారు ఎగిరి వడ్ల మీద పడింది. వెనక పిల్లలు కేక పెట్టారు. వడ్లు తిరగేస్తున్న ఒకామె పక్కకు దుమికింది కాబట్టి బతికిపోయింది. ఆమె తిట్టిన తిట్లన్నీ తలవంచుకుని పడ్డాడు. తర్వాత "కుక్క అడ్డమొచ్చింది" అన్నాడు. ఏ కుక్కా రాలేదు. నిద్రలోంచి లేచిన మొగుడి మొహం భార్యకు తెలియదా?

ఇంకోసారి మహబూబాబాద్ దగ్గర రైలు గేటు పడితే ఆగాం. రైలు పోయింది, గేటు లేచింది, వెనక ఆటోల హారన్లతో చెవులు పగిలిపోతున్నాయి. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, కళ్లు సగం తెరుచుకుని నిద్రపోతున్నాడు. ముందు రోజు తొందరగానే పడుకున్నాడు. కానీ ఆయన నిద్ర కూడా ఒక నిద్రేనా? గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఊపిరి అందనట్టు ఉలిక్కిపడతాడు. మళ్లీ గురక.

"దవాఖానల చూపిచ్చుకుందాం" అన్నాను ఆ రోజు.

"గురకకు దవాఖాన ఏందే? నలుగురు నవ్వుతరు. గీ సంగతి బయటపడ్డదంటే రేపటి సంది నా బండి ఎవలెక్కుతరు? నీ నోట్లకెళ్లి మాట రావొద్దు."

ఆయన అన్నదీ నిజమే. మా ఊరు ఎంతని? డ్రైవర్‌కు కునుకు వస్తోందన్న మాట సాయంత్రానికల్లా బస్టాండు దాటుతుంది. ఇల్లు గడిచేది ఆ కారు మీదే. అందుకని నోరు కుట్టుకున్నాను. కానీ పిల్లలిద్దరూ ఆ వెనక సీట్లో కూర్చుని బెంగళూరు దాకా పోతారంటే నా గుండె ఒప్పుకోలేదు. ఇంకో డ్రైవర్‌ను పెట్టుకుందామంటే "డ్రైవర్ ఇంటికి డ్రైవరా?" అని మొహం మాడ్చుకున్నాడు. రైలు చూస్తే అన్నీ వెయిటింగే. మిగిలింది విమానం.

ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, ఇమానం మోజు పుట్టిందట గదా! మా అన్న కార్ల ఏసీ సాల్తలేదా?" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తి పడేస్తూ తోమాను. జబ్బు ఆయనది, మాటలు పడేది నేను. కోపం రాదా మరి?

కుట్టు మిషన్ కోసమని వేసుకున్న చీటీ ఎత్తితే ఆ డబ్బు మూడు టికెట్లకు సరిపోయింది, అంతే. ఇల్లంతా ఒక మెట్టు దిగివచ్చింది. అత్తమ్మ కూడా ఒప్పుకుంది, ఒక్క షరతు పెట్టి. "ఒడిబియ్యం మాత్రం ఇమానంల వద్దు. పసుపు కలిపిన బియ్యం మిషన్లకెళ్లి పోవుడేంది, ఎవలెవలో ముట్టుడేంది?"

"బియ్యం, బిందెలు, చీరలు నేను కార్ల తెస్త" అన్నాడు మా ఆయన. "నువ్వు, పిల్లలు ఇమానంల పోండ్రి. అమ్మ నాతోని వస్తది."

అత్తమ్మ కారెక్కిందంటే ఊరు దాటకముందే నిద్రపోతుంది. ఈయన పక్కన ఆమె కూడా నిద్రపోతే? విమానంలో ఆ మూడో సీటు గురించి రెండు రోజులు ఆలోచించాను. నేను ఎక్కితే పిల్లలకు తల్లి ఉంటుంది. ఎక్కకపోతే ఆయన కళ్లు తెరిచి ఉంచడానికి ఒక మనిషి ఉంటుంది. చెప్పుకోవడానికి కూడా భయమేసే లెక్క అది. చివరికి అత్తమ్మ పేరు మీద టికెట్ తీయించాను.

"నీ ఆశ నాకిచ్చినవా బిడ్డా" అని అత్తమ్మ నా గడ్డం పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు ఏడుపొచ్చింది.

విమానాశ్రయం దగ్గర ముగ్గురినీ దింపాం. పదో తరగతి చదివే పెద్దది నానమ్మ చెయ్యి పట్టుకుంది, చిన్నోడు వెనక్కి కూడా చూడకుండా ఉరికాడు. వాడిని పిలిచి ఇంకోసారి ముద్దు పెట్టుకున్నాను. "ఏందమ్మా, రేపు కలుస్తం గదా" అని విసుక్కున్నాడు.

కర్నూలు దాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. చుట్టాల పెళ్లిళ్లు, పొరుగింటి తగాదాలు, గుర్తొచ్చిన ప్రతి సంగతీ. పల్లీలు ఒలిచి ఇచ్చాను. కర్నూలు దాటాక, పొద్దు వాలుతుండగా, మాటకు ఊఁ కొట్టడం ఆగింది. చూస్తే తల ముందుకు వాలుతోంది. భుజం మీద గట్టిగా కొట్టాను. కారు పక్క లారీకి తగలబోయి తప్పింది. అది హారన్ కొడుతూ ముందుకు వెళ్లిపోయింది.

రోడ్డు పక్క చాయ్ హోటల్ ముందు కారు ఆపాడు. స్టీరింగ్ వదల్లేదు. నా వైపు తిరిగి అడిగాడు.

"పిల్లలను ఎందుకు ఇమానం ఎక్కిచ్చినవో నాకెరుకే. మరి నువ్వెందుకు ఎక్కలే?"

"నిన్నొక్కన్నే పంపాల్నా?"

ఆయన ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు. తర్వాత చెల్లెలికి ఫోన్ కలిపాడు. ఆమె స్పీకర్ పెట్టినట్టుంది, వెనక చుట్టాల మాటలన్నీ వినబడుతున్నాయి.

"చెల్లే, రేపు పొద్దుగాల ముహూర్తానికి మేం అందుకోం. బండి నడుపుతాంటె నాకు నిద్రొస్తున్నది. ఇయ్యాల గాదు, శాన రోజుల సంది వస్తున్నది. మీ వదిన నా పరువు కోసం చెప్పలే."

అటువైపు మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత అత్తమ్మ గొంతు వినబడింది. "ముహూర్తం పోతె పోనియ్ బిడ్డా. గాడనే ఉండు. కదలకు."

ఫోన్ జేబులో పెట్టుకుని, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఆ చేతులకు స్టీరింగ్ తిప్పడం తప్ప వేరే పని రాదు.

"ఇగ రేపటి సంది నేనేం పని చెయ్యాలె?" అన్నాడు.

"ముందుగాల పండుకో" అన్నాను.