చిన్న కెమెరా ఎందుకు కొన్నాడంటే

మా చిన్నబాపు మందమర్రిలో చనిపోయాడని పెద్దబాపు పత్తి దుకాణానికి ఫోన్ వచ్చింది. గుమాస్తా సైకిల్ మీద మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వాకిట్లోనే నిలబడి ఆ మాట చెప్పాడు. అవ్వ, అంటే మా అమ్మ, చేటలో బియ్యం అట్లనే వదిలేసి కూలబడింది. బాపు తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఏడవలేదు. సంచి ఎక్కడుందట అని అడిగాను.

ఆ ఒక్క మాటను ఇంటిల్లిపాదీ పట్టుకున్నారు. మనిషి పోయాడంటే కెమెరా సంచి అడిగే పిల్లను ఎక్కడా చూడలేదని అవ్వ ఏడుపు మధ్యలోనే అన్నది. రాత్రికి మేనత్త వచ్చింది. ఆమెకూ చెప్పారు. చదువుకున్న ఆడపిల్లల గుండెలు ఇట్లనే ఎండిపోతాయని ఆమె తేల్చింది. నేను అడిగింది వేరు. ఆ సంచి ఆయన భుజం మీద ఉంటే పని నడుస్తున్నట్టు, దిగితే పని అయిపోయినట్టు. పని మధ్యలో పోయాడా, పని ముగించి పోయాడా అన్నది తెలుసుకోవాలనిపించింది. ఆ పూట నాకు అనిపించింది అదొక్కటే. ఇప్పటికీ అంతకన్నా ఎక్కువ ఏమీ అనిపించడం లేదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లినట్టుంది.

బాపు వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు, ఒక ఆడబిడ్డ, మా మేనత్త. పెద్దబాపు జమ్మికుంట మార్కెట్ యార్డులో పత్తి అడ్తిదారు. మా బాపు బడిపంతులు. చిన్నబాపుకు స్టేషన్ రోడ్డులో ఫోటో స్టూడియో. చిన్నమ్మ పెండ్లయిన కొన్నేండ్లకే జబ్బు చేసి పోయింది. పిల్లలు లేరు. ఆయన మళ్లీ చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, అద్దాలు తుడిచేవాడికి ఇంకో సంసారం ఎందుకని నవ్వేవాడు.

స్టూడియోలో మొదటినుంచీ ఒక పెద్ద కెమెరా ఉండేది. టేకు డబ్బా, మూడు కాళ్ల స్టాండు, ముందు ఇత్తడి మూత, పైన నల్లబట్ట. బట్ట కింద తల పెట్టి చూసి, బయటికి వచ్చి, మూత తీసి, మనసులో లెక్క పెట్టుకుని, మళ్లీ మూత పెడితే ఒక ఫోటో అయినట్టు. అంతసేపూ ముందున్నవాళ్లు ఊపిరి బిగబట్టాలి. నేను బడికి పోయే రోజుల్లో, జగిత్యాల దిక్కు నుంచి దుబాయి పోయి వచ్చిన ఒకతని దగ్గర చిన్నబాపు చిన్న కెమెరా కొన్నాడు. నా చేతిలో కూడా ఇమిడేటంతది. ముందున్న లెన్సును తిప్పితే ఊడి వస్తుంది, అక్కడ ఇంకోటి బిగించవచ్చు. కొన్నప్పుడు లెన్సు ఒక్కటే వచ్చింది. తర్వాత తర్వాత ఇంకో రెండు సంపాదించాడు.

దుబాయి నుంచి లెన్సు ఊడని కెమెరాలు కూడా చాలా వచ్చేవి. అవి ఇంకా చవక. అవెందుకు కొనలేదని నేనొకసారి అడిగాను.

"ఇల్లు ఒక్కపారే కడ్తమా బిడ్డా? ముందుగాల ఒక అర్ర ఏస్తం. చేతుల పైసలు ఆడినంక ఇంకో అర్ర. గిది గూడ గంతే. గా కెమెరాలు కొంటే ఒక్క అర్రలనే బతుకుడు."

మూడు లెన్సులను ఆయన తిండితో పోల్చి చెప్పేవాడు. నడిమిది రోజూ తినే బువ్వ, దానితోనే కడుపు నిండాలి. పొడుగుది మామిడికాయ తొక్కు, జరంతనే వేసుకోవాలి, ఎక్కువైతే నోరు పాడవుతుంది. వెడల్పుది చుట్టాలు నిండినప్పుడు పెట్టే పెద్ద గంజు. యార్డు నుంచి దూది తెచ్చి, పాత పంచెలో కుట్టి, సంచిలో మూడింటికీ మూడు గూళ్లు చేశాడు. వానాకాలం వాటిని బియ్యం డబ్బాలో పెట్టేవాడు, చెమ్మ పట్టకుండా. ఆ బియ్యమే వండుకునేవాడు.

చిన్న కెమెరాతో పోయిన మొదటి పెండ్లి హుజూరాబాద్‌లో. పిల్ల తండ్రి దాన్ని చూసి, సబ్బుబిళ్లంత డబ్బాతో నా బిడ్డ పెండ్లి ఫోటోలు దింపుతావా, పదిమందిలో నా ఇజ్జత్ ఏం కావాలన్నాడట. మా దిక్కు అప్పుడు అంతే. బ్యాండు ఎంత పెద్దదో, కెమెరా ఎంత పెద్దదో చూసి పెండ్లి ఎంత పెద్దదో చెప్పుకునేవాళ్లు. చిన్నబాపు వాదించలేదు. తర్వాతి పెండ్లికి పెద్ద కెమెరాను రిక్షాలో వేసుకుని పోయాడు. పందిరి ముందు స్టాండు వేశాడు, నల్లబట్ట పరిచాడు. అందరూ తువ్వాలలు సర్దుకుని నిటారుగా నిలబడ్డారు. ఆయన మూత తీశాడు, లెక్క పెట్టాడు, మూత పెట్టాడు. ఆ డబ్బాలో బొమ్మ పడే అద్దం ప్లేటు లేదు. నిజం ఫోటోలు తర్వాత పక్కనుంచి చిన్నదానితో తీసుకున్నాడు. ఆల్బం చూసినవాళ్లు, ఎంతైనా పెద్ద కెమెరా పెద్ద కెమెరానే అన్నారు.

అప్పటినుంచి జమ్మికుంట చుట్టుపక్కల ప్రతి పెండ్లికీ ఖాళీ డబ్బా పోయింది. ఎవరూ పసిగట్టలేదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు సెలవుల్లో ఆయన వెంట పోవడం మొదలుపెట్టాను. మొదట నల్లబట్ట పట్టుకునేదాన్ని. తర్వాత లెన్సులు అందించేదాన్ని. డిగ్రీ రెండో ఏడులో ఒకసారి మగవాళ్లను రానివ్వని అర్రలో పెండ్లిపిల్లను తయారు చేస్తున్నారు. చిన్నబాపు గుమ్మం బయటే ఆగి కెమెరా నా మెడలో వేశాడు. ఆ రోజు రీలంతా నేనే దింపాను. ఆయన కడిగి చూసుకున్నాడు. తర్వాతి పెండ్లిలో ఆయన పెద్ద కెమెరా వెనక నిలబడ్డాడు, చిన్నది నా చేతికి వచ్చింది. ఇక అదే పద్ధతి అయింది.

నాకు చెప్పిన కిటుకు ఒక్కటే. "నేను మూత పెట్టినంక నువ్వు మొదలువెట్టు."

అది చూస్తే గాని తెలియదు. మూత తీసి ఉన్నంతసేపు జనం జనంలా ఉండరు. కండ్లు పెద్దవవుతాయి, మెడలు బిగుస్తాయి. మూత పడగానే ఊపిరి వదులుతారు. పెండ్లిపిల్ల బాసికం కింద ముక్కు గోక్కుంటుంది. ఒక ముసలామె ఆ పిల్ల కాలి మెట్టెను సరిచేస్తుంది. పెండ్లిపిలగాడు తన స్నేహితుని చెవిలో ఏదో అని పకపకా నవ్వుతాడు. ఫోటో అయిపోయిందనుకున్న ఆ కొంచెం సేపే నాది. పొడుగు లెన్సు బిగించి పందిరి గుంజ పక్కన నిలబడేదాన్ని. నన్నెవరూ లెక్కచేసేవాళ్లు కాదు. సంచి మోసే పిల్ల కదా.

మా ఇంట్లోనూ అదే లెక్క. డిగ్రీ చదివింది సంచి మోసేటందుకా అని బాపు గొణిగేవాడు. బి.ఇడి. చేసి, సర్కారు బడిలో చేరాలని ఆయన కోరిక. నిజం చెప్పేస్తానని ఒకసారి చిన్నబాపుతో అన్నాను. చెప్తే రేపటి సంది నిన్ను పంపరు, నీ ఇష్టమన్నాడు. చెప్పలేదు.

మందమర్రికి నేనూ పోవలసి ఉండె. ఆ రోజు బి.ఇడి. ప్రవేశ పరీక్ష ఉండె. నేను కరీంనగర్ బస్సెక్కాను, ఆయన ఒక్కడే ప్యాసింజర్ బండెక్కాడు. నేను తిరిగి ఇల్లు చేరిన కాసేపటికే గుమాస్తా వచ్చాడు.

దినాలు గడిచేదాకా వచ్చేవాళ్లు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ చిన్న కెమెరా మాట ఎత్తారు. పెద్దది మోస్తే భుజం గుంజుతున్నదని అది కొన్నాడని స్టూడియో ఎదురుగా ఉండే హోటలాయన చెప్పాడు. రీలులో ఫోటోలు ఎక్కువ పడతాయి, ప్లేట్ల ఖర్చు మిగులుతుందని కొన్నాడని ఊళ్లో ఇంకో స్టూడియో ఆయన చెప్పాడు. షోకు, ఇంకేముందని బాపు. అన్నీ నిజమే అయి ఉంటాయి. ఎవరికి ఏ కారణం ఒంటబడుతుందో ఆ కారణమే చెప్పడం చిన్నబాపుకు అలవాటు.

ఆ దినాల మధ్యలోనే మందమర్రి నుంచి సంచి వచ్చింది. ఎవరి పదవీ విరమణ ఫోటోలకని చిన్నబాపు పోయాడో, ఆ బొగ్గుబాయి కార్మికుడే తెచ్చాడు. సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరికియ్యాలో తెలియక నేల చూస్తూ చెప్పాడు.

"మాది ఒక్క అర్ర క్వార్టర్ అమ్మా. గండ్ల నా పిల్లలు, మనుమలు, అల్లుండ్లు. కెమెరా స్టాండు పెడ్తే మనుషులు బయటుండాలె. గాయిన ఇంకో లెన్సు బిగిచ్చి, పొయ్యికాడ గోడకు ఒరిగి అందర్ని దింపిండు. ఒక్కలు తప్పిపోలే. గిందుకే గిది కొన్న అన్నడు. జర నీళ్లియ్యుమన్నడు. సంచి తీసి మంచం మీద పెట్టిండు. నీళ్లు తెచ్చేసరికి లేడు."

సంచి భుజం దిగింది. నేను అడిగినదానికి జవాబు దొరికింది. అప్పుడైనా ఏడుపు వస్తుందనుకున్నాను. సంచి తెచ్చినాయనకు చాయ పెట్టి ఇచ్చాను. కెమెరాలో రీలు అట్లనే ఉంది. వెనక్కి తిప్పి, తీసి, కడిగాను. పొయ్యి దగ్గరినుంచి దింపిన ఆ ఫోటోలో అందరూ ఉన్నారు, పట్టు చీర కట్టుకున్న ముసలామె, బొగ్గు మరకలు గోళ్లలోనుంచి పోని అల్లుండ్లు, తలుపు సందులోనుంచి తొంగిచూస్తున్న పక్కింటామె కూడా. ఆయనకు ప్రింటు పంపాను.

దినాలైన మర్నాడు పెద్దబాపు ఇంట్లో అందరం కూర్చున్నాం. మా ఇండ్లలో పోయినవాళ్ల సామాను పాళ్లు వేస్తారు. గిన్నెలు, గ్లాసులు, మంచం కోళ్లతో సహా సమానంగా పోవాలి, లేకపోతే మాట మిగిలిపోతుందంటారు. సైకిల్ మా తమ్మునికి వచ్చింది. అల్మారా మేనత్తకు. చివరికి సంచి చాప మీదికి వచ్చింది. మేనత్త లెన్సులు మూడూ తీసి వరుసగా పెట్టింది.

పంచడం ఎంత సులువో చూడమన్నది. ఇంటికొక లెన్సు, పెద్దవాడు గనక కెమెరా పెద్దబాపుకు. పొడుగు లెన్సు తన షోకేసులో బొమ్మల పక్కన పెట్టుకుంటానన్నది, దుర్బీన్ లెక్క ఉంటుందట. వాళ్లది ఆశ కాదు, ఇది నేను ఒప్పుకోవాలి. ఒక్కరికీ దాన్ని అమ్మాలన్న ఆలోచన రాలేదు. తమ తమ్ముని గుర్తు ఒక్కొక్కటి ఒక్కో ఇంట్లో ఉండాలనుకున్నారు. విడదీస్తే ఏదీ పని చేయదని నేనన్నాను. పని చేసుడెందుకు, ఆయన గుర్తుకు గదా అని బాపు అన్నాడు.

పెద్దబాపు గోడ వైపు చూశాడు. అక్కడ ఆయన బిడ్డ అప్పగింతల నాటి ఫోటో ఉంది. అందులో పెద్దబాపు పందిరి గుంజకు అటు తిరిగి, కండువా కొస పండ్ల మధ్య పెట్టుకుని ఏడుస్తున్నాడు. యార్డులో ఆయన గొంతు విన్నవాళ్లెవరూ ఆ మనిషీ ఈ మనిషీ ఒకటేనంటే నమ్మరు.

"గా ఫోటో దింపిన చెయ్యి ఇగ మళ్ల రాదు," అన్నాడు పెద్దబాపు.

"అది నేను దింపిన, పెద్దబాపూ," అన్నాను.

బాపు నా వైపు చూశాడు. "చాలు ఊకో. సంచి అడిగినవు, సరే. పోయినోని పని గూడ నీదేనంటవా?"

లేచి ఫోటో గోడ మీదినుంచి దింపి చాప మీద పెట్టాను. ఎడమ మూల చూపించాను. అక్కడ పెద్ద కెమెరా నల్లబట్ట సగం పడింది. బట్ట కిందినుంచి ఒక మోచెయ్యి బయటికి వచ్చింది. మోచేతి పైన దర్గాలో కట్టించుకున్న తాయెత్తు. చిన్నమ్మ కట్టించింది, ఆయన ఎన్నడూ విప్పలేదు. ఆ చెయ్యి ఎవరిదో ఆ ఇంట్లో తెలియనివాళ్లు లేరు.

పెద్దబాపు కండ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "వీడు బట్ట కింద ఉంటే మరి..." అని ఆగిపోయాడు. ఇక నేను మిగతాది కూడా చెప్పాను, డబ్బాలో ప్లేటు లేదని. మా తమ్ముడొక్కడు నవ్వాడు.

"మరి ఇన్నొద్దులు చెప్పకపోతివేందే?" అన్నది మేనత్త.

"చెప్తే పంపకపోదురు."

బాపు మెల్లగా, కోపం లేకుండానే అన్నాడు. "ఇప్పుడు పంపుతమనుకున్నవా బిడ్డా?"

లెన్సులు ఒక్కొక్కటే చాప మీదినుంచి తీసి దూదిలో పెట్టి సంచి మూశాను. పెద్ద కెమెరా వాళ్లను పంచుకోమన్నాను. డబ్బా ఒకరు, స్టాండు ఒకరు, నల్లబట్ట ఒకరు. దానికి ఇంకే నష్టమూ రాదు.

చదివేవాళ్లు అడుగుతారేమో, మరి నీకు చిన్నబాపు చెప్పిన కారణమేమిటని. పెద్దదాని ముందట మనిషి నిలబడతడు, చిన్నదాని ముందట మనిషి ఉంటడు అనేవాడు. నాకు చెప్పింది అదే. నాకు ఒంటబడుతుందని చెప్పాడో, నిజంగా అందుకే కొన్నాడో అడగలేదు.

పరీక్ష పాసయ్యానని నిన్న కార్డు వచ్చింది. బి.ఇడి.లో చేరడం లేదు. వచ్చే నెల వీణవంకలో పెండ్లి ఉంది, చిన్నబాపు బతికుండగా ఒప్పుకున్నదే. మొదటి బస్సుకు పోతాను. చిన్న కెమెరా, మూడు లెన్సులు, అంతే. పందిరి పక్కన కాదు, పెండ్లివాళ్ల ఎదురుగా నిలబడి దింపుతాను.