నాలుగు బానెట్లూ లేచాయి

దారిలో ఇంకొక్కసారి ఆగిపోతే తన పాత కారును అమ్మేస్తానని మా ఆయన నాకు మాటిచ్చారు. ఈ రోజు ఆయన, ముగ్గురు స్నేహితులు తలా ఒక పాత కారులో ప్రొద్దుటూరు నుంచి ఇడుపులపాయకు బయలుదేరారు. ఆడవాళ్లం భోజనాల క్యారియర్లతో వెనక కొత్త కారులో వెళ్లాం.

ఎర్రగుంట్ల దాటాక చూస్తే నాలుగు కార్లూ రోడ్డు పక్కన ఆగి ఉన్నాయి. నాలుగింటి బానెట్లూ లేచి ఉన్నాయి.

"మస్తానన్నా, యా బండి నిల్చిపోయింది?" అని మా ఆయన స్నేహితుణ్ణి అడిగాను.

"అన్నీ నిల్చిపోయినాయి వదినా. ఒగదాన్ని ఇడ్సిపెట్టి ఇంగోటి పోదు. శానా దోస్తీ వాటికి!"

మా ఆయన ఇంజన్లోంచి తల ఎత్తలేదు. ఆగినవాడికి చిన్నతనం కాకూడదని మిగతావాళ్లూ బానెట్లు ఎత్తడం వీళ్ల అలవాటని మస్తాన్ భార్య నా చెవిలో చెప్పింది. ఆగింది ఎవరి కారో ఆమెకూ తెలియదు. చేతులు చూద్దామంటే నలుగురివీ గ్రీజుతో నల్లగానే ఉన్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన కారు తుడుస్తూ, నా వైపు చూడకుండా అడిగారు: "అమ్మేద్దామా?"

"ఆగింది మనదో కాదో! ఉండనీలే," అన్నాను.

నిజంగా తెలియకే అలా అన్నానా, తెలుసుకోవడం ఇష్టం లేక అన్నానా? మీకేమైనా అర్థమైతే చెప్పండి.